ముంగటి ఇనుము

ఆ రాత్రి నా జీపుల బ్యాండువాళ్లు పదకొండు మంది,
డోళ్లు రెండు, బాకాలు నాలుగు.
వాగు నడుమ ఎడమ చక్రం కూరుకపోయింది.
ఎవడన్న వింటడని బాకాలు ఊదిన్రు,
పెండ్లికి ఊదినట్టే ఊదిన్రు.
గంటన్నరకు ఓదేలు ట్రాక్టరు వచ్చింది.
తాడు కట్టకముందే చెయ్యి చాపిండు, రెండువేలు.
ఆయన్ను నేను తిట్టలే.
నా బండి ముక్కును తిట్టుకున్న.
రేకు బంపరు,
తాడు కడదామంటె ఊగే పాలపన్ను.

ములుగు రోడ్డు మీద యాకూబ్ పాషా దుకాణం.
బొగ్గుబాయి తుక్కుల దొరికిన ఆరించుల చానలు
ఆరునెలల సంది గోడకు ఒరిగి
కాళ్లకాడ గడ్డి మొలిపించుకుంటున్నది.
"గిది నీ కోసమే ఆగింది మొగిలీ" అన్నడు,
బేరానికి ముందు ఎవడన్న అనే మాటే.
అయినా తూకంల
రెండు కిలోలు మట్టికింద తీసేసిండు.

టేపును నమ్మడు పాషా.
పెండ్లిపత్రికల అట్టడబ్బా చింపి
ఛాసీ చెవుల మీద ఒత్తి
బోల్టు రంధ్రాలను పెన్సిలు రుద్ది ఎత్తుకున్నడు.
అట్ట మీద
బంగారు రంగుల సగం వినాయకుడు,
సగం నా బండి ఎముక.

"ఒక్క దిక్కే అతుక్కుంట పోతె వంకర తిరుగుతది.
ఇటు బొటనేలంత, అటు బొటనేలంత.
నడుమ బీడీ తాగినంత సేపు ఆగాలె."
బీడీ తాగడు ఆయన. ఊకె కూసుంటడు.
రెండోనాడు మూడు ఫేజుల్ల ఒకటే వచ్చింది.
సగం అతికిన ఇనుము పక్కన
వాళ్లింటి సర్వపిండి తిన్నం,
గ్రైండరు పొట్టు పండ్లకింద కరకరమన్నది,
నువ్వులే అనుకొని నమిలిన.

నాలుగోనాడు బిగించవోతె
కుడిదిక్కు రంధ్రం అరించు తప్పింది.
అట్ట తప్పు కాదు.
ఎప్పుడో, ఎవని చేతులనో, నాకు అమ్మకముందే
ఛాసీ ఒక దెబ్బ తిన్నది.
తొమ్మిదేండ్లు తోలిన,
నాకెన్నడు చెప్పలే.
పాషా నా దిక్కు చూడలే,
బండి దిక్కు చూసి "అయ్యో" అన్నడు.
రంధ్రాన్ని కోడిగుడ్డులెక్క సాగదీసి
మందమైన వాషరు ఏసిండు.

వించి మోటరు కాజీపేటల కొన్న,
యూరియా సంచిల మోసుకొచ్చిన.
వైరు నడిచే రోలర్లు కన్వేయరు బెల్టువి,
ఎంత కడిగినా నల్లనీళ్లే వదిలినయి.
మొత్తం డెబ్బైరెండు కిలోలు.
జీపు ముక్కు వంచింది, కమానుకు ఇంకో పట్టీ పడ్డది.
ఆగి ఉన్న ఇటుకల లారీకి కొక్కెం తగిలించి
స్విచ్చి నొక్కితె
లారీ కదలలే. మేం కదిలినం.
పాషా ఎనుకకు నడుచుకుంట నవ్వుడే నవ్వుడు.

మిరుగం పోయింది. ఆరుద్ర పోయింది.
వాగు ఇసుకల పిల్లలు వికెట్లు పాతిన్రు.
నా పెండ్లాం బంపరు మీద తువ్వాలలు ఆరేసింది.
ఎరుపు రంగు కింద, అతుకుకాడ,
చింతపండంత తుప్పు.
ఓదేలు ట్రాక్టరు ఆపి అడిగిండు:
"ఏం మొగిలీ, ఈత నేర్చినంక చెరువెండిందా?"

పెద్దపుష్యాల కార్తెల ఒక పొద్దుగూకంగ
ఆయనే వచ్చిండు, చెప్పుల్లేకుండ.
బోరుల మోటరు ఇరుక్కున్నది,
రెండువందల ఎనభై అడుగులు.

మూడు దూలాలు నిలబెట్టి గిలక కట్టి
చక్రాలకు రాళ్లు పెట్టి
స్విచ్చి నొక్కిన.
వైరు తీగలెక్క సన్నగ మూలిగింది.
అందరు బోరు దిక్కు చూస్తున్రు,
నేను ఆ గుడ్డు రంధ్రం బోల్టు దిక్కే.
అది కదలలే.
ఒక్కో పైపు, ఒక్కో పైపు,
ఇప్పి పక్కన పండబెట్టుకుంట
చీకటిపడ్డంక మోటరు వచ్చింది.
మూతికి అంటిన మట్టిని ఓదేలు గోటితోని గీకిండు,
పొడిపొడిగ రాలింది.

జేబుల చెయ్యి పెట్టి "ఎంత?" అన్నడు.
వించి ఇంక వైరు చుట్టుకుంటనే ఉన్నది,
చప్పుడు పెద్దగున్నది.
ఇనపడనట్టే నిలబడ్డ.